ఎడమ పాదం సంగతి

పొట్టికి ముప్పయ్యేళ్లు నిండిన నెలలోనే ఆమె ఆడే తరగతిని ఎత్తేశారు. బరువులెత్తే ఆటలో మనిషి బరువును బట్టి తరగతులుంటాయి. పదకొండేళ్లుగా యాభైమూడు కిలోల తరగతిలో ఉన్న పొట్టికి ఇక రెండే దారులు మిగిలాయి. పై తరగతికి వెళ్లి తనకంటే జానెడు పొడవున్న అమ్మాయిలతో తలపడాలి, లేదా నాలుగు కిలోలు తగ్గి నలభైతొమ్మిదిలోకి దిగాలి. పైకి వెళ్తే జాబితాలో ఆమె పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. కిందికి దిగితే ప్రపంచ పోటీలకు ఒకే ఒక చోటుంది. దానికి ఎంపిక పోటీ పన్నెండు వారాల్లో ఉంది. పొట్టి దిగుతానంది.

అలాంటి చోటు కోసం ఆమె అంతకుముందు రెండుసార్లు పోటీపడింది. రెండుసార్లూ రిజర్వులోనే పేరొచ్చింది. రిజర్వు అంటే పెట్టె సర్దుకుని ఫోను దగ్గర కూర్చోవడం. ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి భుజమూ పట్టేయలేదు. రెండుసార్లూ పెట్టె విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టుకుంది.

ఆమె భర్త పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మా ఇంట్లో ఇద్దరిదీ లిఫ్టు పనే, నాది మాత్రం కరెంటుతో నడుస్తుంది అని కనబడిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. పిల్లల మాట ఎవరైనా ఎత్తితే వచ్చే ఏడాది అనేవాడు. ఐదేళ్లుగా అదే జవాబు. ఈసారి పొట్టే తనంతట తాను చెప్పింది, ఇదే ఆఖరని. అతను సరేనన్నాడు గానీ, ఆ మాట ఇదివరకు కూడా విన్నవాడిలా తల ఊపాడు.

ఆమెకు శిక్షణ ఇచ్చేది సొంత అక్కే. పొట్టి కంటే ఎనిమిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక చెల్లెలికి తల దువ్వి బడికి పంపింది, పద్నాలుగో ఏట చేతికి బరువులు తగిలించే ఇనుప బార్ ఇచ్చింది కూడా ఆమే. ఒకప్పుడు తనూ మంచి లిఫ్టరే. ఒకరోజు తల మీద బరువు ఉండగా కుడి మోచెయ్యి వెనక్కి విరిగింది. అప్పటినుంచి ఆ చెయ్యి పూర్తిగా చాచలేదు. ఇప్పుడు సాధన హాల్లో పదిహేనుమంది అమ్మాయిలకు ఆమే మేడమ్.

చిక్కంతా ఏమిటంటే, ఆ పదిహేనుమందిలో నలభైతొమ్మిది కిలోల అమ్మాయి ఒకతె ముందే ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. వచ్చి రెండేళ్లయినా అందరూ ఇంకా కొత్తపిల్ల అనే పిలిచేవారు. తల్లి టైలరింగ్ షాపు నడుపుతుంది. కొత్తపిల్ల మాట్లాడేది తక్కువ, చెప్పింది చెప్పినట్టు చేసేది, నెలనెలా ఒక కిలో పెంచుకుంటూ పోయేది. చోటు ఒక్కటి, ఇద్దరిదీ ఒకే హాలు, ఇద్దరికీ ఒకే గురువు.

మొదటి వారంలోనే పొట్టి అక్కను పక్కకు పిలిచి సూటిగా అడిగింది, నువ్వు ఎవరి వైపని.

"హాల్లో నాకు చెల్లెలు లేదు" అంది అక్క. "ఇంటికి రా, అన్నం పెడతాను."

ఆ మాట పొట్టికి ఎక్కడో గుచ్చుకుంది. తప్పు పట్టడానికి మాత్రం ఏమీ దొరకలేదు.

హాలు ఒకప్పుడు గోదాము. రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, నాలుగు ప్లాట్‌ఫారాలు. ప్లాట్‌ఫారం అంటే మధ్యలో చెక్క, రెండు పక్కలా బరువులు పడే చోట రబ్బరు. గోడకు ఒక బోర్డు, దాని మీద గుండుసూదులతో గుచ్చిన కాగితాల్లో ఒక్కొక్కరూ ఆ వారం ఎత్తవలసిన అంకెలు. గాలిలో ఎప్పుడూ సుద్దపొడీ, నొప్పి మందు వాసనా. ఉదయం స్నాచ్, అంటే నేల మీది బార్‌ను ఒకే ఊపులో తల పైకి ఎత్తడం. సాయంత్రం క్లీన్ అండ్ జెర్క్, అంటే ముందు భుజాల మీదికి, అక్కడినుంచి తల పైకి. ఆ తర్వాత భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీళ్లు. వారానికి తొమ్మిది పూటలు. బొటనవేలిని మిగతా వేళ్ల కింద అదిమి బార్‌ను పట్టుకుంటారు కాబట్టి వేళ్లకు టేపు చుట్టుకోవాలి. అరచేతిలో కాయలు లేస్తే బ్లేడుతో చెక్కుకోవాలి, లేకపోతే చర్మం చర్మంగా ఊడొస్తుంది.

పొట్టి బలమంతా జెర్క్‌లో, అంటే భుజాల మీదినుంచి పైకి విసరడంలో ఉంది. స్నాచ్‌లో కొత్తపిల్ల ఆమెను ఎప్పుడో దాటిపోయింది. అందుకే వారానికి మూడుసార్లు ఉన్న భారీ జెర్క్‌లను పొట్టి ఐదు చేసింది. అక్క రాసిన అంకె మీద రెండు కిలోలు వేసుకునేది. అక్క వద్దన్నప్పుడు ఆపి, ఆమె ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టేది. ఒకవైపు తిండి సగానికి పడిపోయింది, మరోవైపు బరువులు పెరుగుతున్నాయి. ఐదో వారంలో బార్‌ను నేల నుంచి లాగుతుండగా నడుములో ఏదో పట్టేసినట్టయింది. వేడి కాపడం పెట్టుకుని పడుకుంది. తెల్లవారి లేచి స్నానానికి వెళ్తే కుడి కాలికి వేడిగా తగిలిన నీళ్లు ఎడమ కాలికి తగల్లేదు.

మొదట తిమ్మిరనుకుంది. రుద్దుకుంది, తైలం రాసుకుంది. మూడు రోజులకు వేళ్లు పూర్తిగా మొద్దుబారాయి, వారానికి అరికాలు కూడా. జెర్క్‌లో బార్‌ను పైకి విసురుతూనే ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వెయ్యాలి. ఆమె ముందుకు వేసేది ఎడమ కాలే. ఆ కాలు ఎక్కడ పడిందో ఇప్పుడు ఆమెకు తెలియడం లేదు. ఒక ఉపాయం కనిపెట్టింది. బూటు మడమ చెక్కను తాకినప్పుడు వచ్చే చప్పుడును వినేది. టక్కుమని గట్టిగా మోగితే పాదం సరిగ్గా పడినట్టు, చప్పగా వస్తే పక్కకు పడినట్టు. చెవులతో నడవడం నేర్చుకుంది. భర్తకు చెప్పలేదు. అక్కకు అసలే చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీద ఏం రాస్తాడో ఆమెకు తెలుసు.

తొమ్మిదో వారంలో ఒక సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో పొట్టీ, కొత్తపిల్లా ఇద్దరే ఉన్నారు. పొట్టి ఎడమ బూటు విప్పింది. మేజోడు అడుగంతా ఎర్రగా తడిసి ఉంది.

"అక్కా, రక్తం" అంది కొత్తపిల్ల.

పొట్టి వంగి చూసుకుంది. బోర్డు నుంచి రాలిన గుండుసూది ఒకటి బూటులో పడి అరికాల్లో తల దాకా దిగిపోయి ఉంది. ఆ సూదితోనే ఆమె గంటన్నర బరువులెత్తింది. కొత్తపిల్ల మోకాళ్ల మీద కూర్చుని పాదాన్ని ఒడిలోకి తీసుకుని సూదిని లాగింది. లాగుతూ పొట్టి ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. అడక్కుండానే, ఆ పిల్ల గోటితో చిటికెనవేలిని గిల్లింది. పొట్టి ఇంకా సూది వంకే చూస్తూ ఉంది.

కొత్తపిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగింది. పొట్టి తడిసిన మేజోడును చుట్టి సంచిలో దాచింది.

"మేడమ్‌కి చెప్పాలి కదక్కా" అంది ఆ పిల్ల నెమ్మదిగా.

ఆ క్షణంలో పొట్టి నోటినుంచి వచ్చిన మాటలు ముందుగా ఆలోచించుకున్నవి కావు. కానీ ఎంతో కాలంగా సిద్ధంగా ఉన్నట్టు వచ్చాయి.

"వెళ్లి చెప్పు. నేను తప్పుకుంటే చోటు ఎవరికొస్తుందో హాల్లో అందరికీ తెలుసు. చోటు కోసమే చెప్పావంటారు. నువ్వు రేపు పతకం తెచ్చినా అదే అంటారు. పడగలవా ఆ మాట?"

కొత్తపిల్ల ముఖం పాలిపోయింది. దూదితో రక్తం తుడిచి, పట్టీ వేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి హాల్లో పొట్టి ఉన్న వైపు చూడడం మానేసింది. గుట్టు దక్కిందని పొట్టి ఊపిరి పీల్చుకుంది. తను చేసిందేమిటో ఆమెకు తెలియక కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ, మూడే వారాలు, ఆ తర్వాత ఆ పిల్ల కాళ్లు పట్టుకుంటాను అనుకునేది.

ఎంపిక పోటీ దగ్గరికొచ్చినా ఇంకా కిలోన్నర దిగలేదు. ముందురోజు నీళ్లు కూడా మానేసింది. మూడు స్వెట్టర్లు వేసుకుని మేడ మెట్లు ఎక్కి దిగింది. మర్నాడు పొద్దున్న ఒంట్లో మిగిలిన ఆ కాస్త తడి కూడా పోవాలని గ్లాసులో ఉమ్ముతూ కూర్చుంటే భర్త చూడలేక వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. త్రాసు ఎక్కినప్పుడు ఆమె నలభైఎనిమిది కిలోల తొమ్మిదివందల ఎనభై గ్రాములుంది. కిందికి దిగగానే ఒక సీసా నీళ్లు గటగటా తాగి, అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. పోటీకి ఇంకా రెండు గంటలున్నాయి.

స్నాచ్‌లో కొత్తపిల్ల ఎనభైమూడు ఎత్తింది, పొట్టి ఎనభైఒకటి. రెండు కిలోల తేడా పొట్టి ముందే వేసుకున్న లెక్క. క్లీన్ అండ్ జెర్క్‌లో ఒక్కొక్కరికీ మూడేసి అవకాశాలు. కొత్తపిల్ల మూడూ తప్పకుండా ఎత్తి నూటఆరు దగ్గర ఆగింది. మొత్తం నూటఎనభైతొమ్మిది. పొట్టి మొదటిసారి నూటనాలుగు ఎత్తింది. చోటు దక్కాలంటే నూటతొమ్మిది ఎత్తాలి. జీవితం మొత్తంలో ఆమె ఎత్తిన గరిష్ఠ బరువు నూటపది. అదీ రెండేళ్ల కిందట, ఒంట్లో మరో నాలుగు కిలోలు ఉన్నప్పుడు.

రెండోసారి నూటతొమ్మిదిని భుజాల మీదికి తెచ్చి నిలబడింది. జెర్క్‌లో ఎడమ కాలు పక్కకు పడింది, బార్ ముందుకు జారి దబ్బున కింద పడింది. ఇక ఒక్కటే అవకాశం. వరసగా ఎత్తవలసింది తనే కాబట్టి గడియారంలో రెండు నిమిషాలు పెట్టారు.

తెర వెనక కుర్చీలో కూలబడితే అక్క ఎదురుగా గొంతుక్కూర్చుని తడిగుడ్డతో మెడ తుడిచింది.

"ఎడమ కాలు అంత పక్కకి ఎందుకు పడింది?"

"జారింది."

"నువ్వు జారడం నేనెప్పుడూ చూడలేదు. నడుమా?"

"జారిందన్నాను కదక్కా."

అక్క ఇంకా ఆమె కళ్లలోకి చూస్తూనే ఉంది. నాలుగడుగుల దూరంలో కొత్తపిల్ల తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది. ఆమె వంతు అయిపోయింది. పొట్టి ఇది ఎత్తకపోతే చోటు ఆమెది. ఆ పిల్ల పెదవులు విచ్చుకోవడం పొట్టి చూసింది. అక్క భుజం మీదుగా ఆమె వైపు ఒక్క చూపు చూసింది. కొత్తపిల్ల నోరు మూసుకుంది.

నిమిషం దాటిందని ఎవరో అరిచారు. అక్క లేచి, బెల్టు బిగించి, వెళ్లమన్నట్టు వీపు తట్టింది.

పొట్టి చేతులకు సుద్దపొడి రాసుకుని మెట్లెక్కింది. బార్ మీద వంగినప్పుడు భయం లేదు, ఆలోచన కూడా లేదు. లాగింది, బార్ కిందికి దూరింది, భుజాల మీద పట్టుకుంది. లేవడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు గుర్తులేదు. పళ్లబిగువున లేచింది. నిలబడి ఊపిరి అందుకుంటుండగా జనం లేచి అరవడం మొదలుపెట్టారు. ఆమెను ఉత్సాహపరచడానికే అరిచారు పాపం. ఆ హోరులో తన కాలి చప్పుడు వినపడదని ఆమెకు అప్పుడే తట్టింది. ఆగి ఉండవచ్చు. బార్‌ను ముందుకు వదిలేసి వెనక్కి తప్పుకోవచ్చు, అది క్షణం పని. మోకాళ్లు వంచి పైకి విసిరింది.

చేతులు చాచుకున్నాయి. బార్ తల పైకి వెళ్లింది. ఎడమ పాదం చీలమండ దగ్గర అడ్డంగా తిరిగి, పక్కభాగం మీద పడింది. బరువంతా దాని మీదే దిగింది. పొట్టి కూలిపోయింది, బార్ వెనక్కి పడి దొర్లింది. కూర్చున్నచోటి నుంచి కాలు వైపు చూస్తే బూటు ముందుభాగం ఉండవలసిన దిక్కున లేదు. రావలసినంత నొప్పి మాత్రం రాలేదు. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు భయమేసింది. అక్క పరిగెత్తుకొస్తుంటే ఆమె గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. కాలు కోసమని అందరూ అనుకున్నారు.

ఆసుపత్రిలో చీలమండకు ఒక ఆపరేషను, వారం తర్వాత నడుముకు ఒక ఆపరేషను చేశారు. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ల ఒకటి పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందట. డాక్టరు పాదం మీద అక్కడా ఇక్కడా గుచ్చి చూసి, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, కనీసం ఏడెనిమిది వారాలై ఉంటుంది, మీకెవరికీ తెలియదా అని అడిగాడు. భర్త అక్క వైపు చూశాడు. అక్క నేల వైపు చూసింది. రోజూ ఆ కాళ్లనే చూస్తూ బతికిన మనిషి.  పొట్టి తల దువ్వి, జడ వేసి, ఇంటికి వెళ్లిపోయింది.

నడుముకు ఆపరేషనైన నాలుగో రోజు, మాటల్లో మాటగా, కొత్తపిల్ల హాలుకు రావడం లేదని అక్క చెప్పింది. పోటీ అయినప్పటినుంచి రాలేదట. ఫోను ఎత్తడం లేదట, తల్లి మాత్రం ఒంట్లో బాగాలేదని చెబుతోందట. ప్రపంచ పోటీలు నాలుగు వారాల్లో ఉన్నాయి. పసిపిల్ల, కళ్లముందు జరిగింది కదా, జడుసుకుని ఉంటుంది అంది అక్క.

పొట్టి పైకప్పు వంక చూస్తూ పడుకుంది. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పదు.

"ఆ పిల్లకి తెలుసక్కా" అంది. "మూడు వారాల ముందే తెలుసు. నీకు చెబుతానంది. నేనే నోరు మూయించాను."

ఎలా మూయించిందో కూడా చెప్పింది. తను అన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. అక్క విని లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది పొట్టి. కొట్టినా బాగుండేదనిపించింది. అక్క సంచి తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"నాకు తెలిసుంటే ఆపేదాన్నని నువ్వు నమ్మావు చూడు" అంది, వెనక్కి తిరగకుండానే. "నాకా నమ్మకం లేదు. నిన్ను అక్కడ చూడాలని నాకూ ఉండేది."

ఇంటికి పంపించిన మర్నాడే పొట్టి భర్తను పట్టుబట్టి ఆటో పిలిపించింది. నడుముకు బెల్టు, కాలికి కట్టు, చంకల కింద కర్రలు. కూర్చోగూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి వెనక సీటులో సగం పడుకునే వెళ్లింది. టైలరింగ్ షాపు ఒక సందు చివర ఉంది. ముందు రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా తగిలించిన జాకెట్లు. తల్లి వీళ్లను చూసి మిషన్ ఆపింది. లోపలికి కేక వేసింది.

కొత్తపిల్ల బయటికి వచ్చింది. పదిహేను రోజుల్లోనే బుగ్గలు పీక్కుపోయాయి. పొట్టి కర్రల మీద నిలబడే, తప్పు తనదేనని, తను అన్న మాట ఎవరూ ఎవరితోనూ అనకూడనిదని, మేడమ్‌కి అంతా చెప్పేశానని చెప్పింది. ఆ పిల్ల వింటూ ఒక దారపు ఉండను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"మీరు అన్నందుకు కాదక్కా నేను ఊరుకున్నది" అంది చివరికి. "మొదట్లో అందుకే. ఆ రోజు మాత్రం కాదు. మీరు మెట్లెక్కుతుంటే, కాలు జారితే బాగుండు అనుకున్నాను. పైకే అనుకున్నాను. పెదాలు కదిలాయి."

తల్లి చేతిలోని కత్తెర కింద పెట్టింది.  పొట్టికి కోపం రాలేదు. క్షమించానని చెప్పే హక్కు తనకుందో లేదో తెలియలేదు. తనైనా అదే కోరుకునేదాన్నని, కోరుకుంటే కాళ్లు జారవని, తన కాలును తనే జార్చుకుందని చెప్పింది. ఆ పిల్ల నమ్మిందో లేదో గానీ, వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు వచ్చి ఆటో కడ్డీ పట్టుకుంది. సీటు మీద పొట్టి కాలు సర్దుతూ, వేళ్లలో ఏమైనా తెలుస్తోందా అని అడిగింది. రెండింట్లో కొంచెం తెలుస్తోందని చెప్పింది పొట్టి. మిగతా వాటి సంగతి ఇంకా చెప్పలేమన్నారని కూడా చెప్పింది.

కొత్తపిల్ల తర్వాతి సోమవారం హాలుకు వెళ్లింది. అక్క ఆమెను ఏమీ అడగలేదట. మూడు వారాలు మాత్రమే సాధన దొరికింది. పోటీలకు వెళ్లింది. ఆ రోజు పొట్టి ఫోనులో కూడా చూడలేకపోయింది. భర్త పక్కగదిలో తక్కువ శబ్దంతో చూసి, వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

గంట తర్వాత ఫోను మోగింది. కొత్తపిల్ల. ఇంటికి కూడా ఇంకా చెయ్యలేదట. ఎనిమిదో స్థానం వచ్చిందని చెప్పింది. ఆఖరి జెర్క్‌ను భుజాల దాకా తెచ్చి, నిలబడి, వదిలేశానని చెప్పింది. ఎత్తగలిగేదాన్నో లేదో తెలియదు, ఎత్తబుద్ధి కాలేదు అంది. మేడమ్ ఏమీ అనలేదంది. తర్వాత ఏడ్చింది.  బాగానే చేశావంటే అబద్ధమవుతుంది, పర్వాలేదంటే ఇంకా పెద్ద అబద్ధమవుతుంది. పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగింది. లేదంది ఆ పిల్ల. చేతిలో ఏముందని అడిగితే ఒక అరటిపండు, రెండు బిస్కట్లు ఉన్నాయంది.

"తిను. నేను పెట్టెయ్యనులే" అంది పొట్టి.

అవతలనుంచి పండు తొక్క ఒలుస్తున్న చప్పుడు, మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినబడ్డాయి. ఆ పిల్ల తినడం అయ్యేదాకా పొట్టి ఫోను చెవికి ఆనించుకుని అలాగే పడుకుని ఉంది.